బోటు మోటార్‌కి ఊతకర్ర కొన్నా, ఏడాదిన్నర వాడాక రాస్తున్నా

ముందే చెప్పేస్తా, వస్తువు మంచిదే, నాలుగు స్టార్లు ఇచ్చా. ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే అది కొంచెం పెద్ద కథ. దీన్ని ట్రాన్సమ్ సేవర్ అంటారు. బోటుని ట్రాలీ మీద ఎక్కించి రోడ్డున లాక్కెళ్లేటప్పుడు, వెనకాల వేలాడే మోటార్ బరువంతా బోటు వెనక పలక మీద పడకుండా ట్రాలీ మీదికి దించే ఊతకర్ర, అంతే. చూడ్డానికి సైకిల్ పంపుకి అన్నలాగా ఉంటుంది. పార్సిల్ విప్పగానే మా ఆవిడ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి "దీనికా 7,400 పెట్టారు?" అంది. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు, ఇప్పుడుంది.

తిరుపతిలో ఉండి బోటేంటి అని అడిగేవాళ్ల కోసం ఒక్క మాట. 2021 నవంబర్‌లో ఊళ్లోకి నీళ్లొచ్చి, రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారుతున్నాయని కింద పల్లెల్ని ఖాళీ చేయించినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. సరే, నిజం చెప్పాలంటే మేం కొన్నది జనాన్ని కాపాడ్డానికేం కాదు, చేపల పిచ్చితో. మా బావది వాకాడు వైపు, సముద్రం పక్కన. ఇద్దరం కలిసి చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో పదహారు అడుగుల ఫైబర్ బోటు, దానికి యమహా 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటార్ తీసుకున్నాం. మోటార్‌ని పాత ఇనుము కొట్టులో కాటా మీద పెడితే 74 కిలోలు తూగింది. సీజన్‌లో బోటు బావ దగ్గరుంటుంది, తుపానులొచ్చే నెలల్లో తెచ్చి మా ఇంటి పక్క ఖాళీ జాగాలో పెడతాం. ఎండలు మొదలైతే దాని మీద కప్పిన టార్పాలిన్ మా అమ్మకి వడియాలు ఎండబెట్టుకునే మంచం.

అసలు కథ 2023 డిసెంబర్‌ది. మిచౌంగ్ తుపాను వస్తోందని టీవీలో ఎర్ర బొమ్మలు తిప్పుతుంటే బావ ఫోన్ చేసి "బావా, వచ్చి తీసకపో, ఇక్కడుంటే ఇసకలో కలిసిపోద్ది" అన్నాడు. బొలెరోకి ట్రాలీ తగిలించుకుని వెళ్లా. వానలో, హడావుడిలో, చీకటి పడ్డాక ఎక్కించాం. మోటార్‌ని పైకి లేపి, దాని పక్కనే ఉండే చిన్న లివర్‌ని తిప్పి దాని మీద ఆనించాం. లేపిన మోటార్ కిందికి పడకుండా ఆపడానికి కంపెనీవాళ్లే ఇచ్చిన లివర్ కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. నాయుడుపేట దాకా బాగానే వచ్చా. శ్రీకాళహస్తి దాటాక ఒక ఊరి ముందు తెల్ల గీతలు కూడా లేని స్పీడ్ బ్రేకర్ ఒకటుంది, వానలో అస్సలు కనపడలేదు. బండి దాటింది, ట్రాలీ ఎగిరింది, వెనకాల దబ్ మని చప్పుడు, ఆ వెంటనే కర్రుతో రాతిని గీసినట్టు ఒక గోల. అద్దంలో చూస్తే నిప్పురవ్వలు. వానలో నిప్పురవ్వలు చూడ్డం నాకదే మొదటిసారి.

దిగి టార్చి వేసి చూశా. లివర్ జారిపోయింది. మోటార్ కిందికి పడి, నీళ్లని తోసే ఫ్యాను కింద రెక్కలాగా ఉంటుందే, స్కెగ్ అంటారు, అది తారు మీద రాసుకుంటూ వచ్చింది. ఒక అంగుళం ముక్క లేదు. అదృష్టం కొద్దీ ఫ్యాను బాగానే ఉంది. అక్కడే తాడేసి ఎలాగోలా పైకి కట్టి, ఇరవై స్పీడులో, వెనక వచ్చే ప్రతి లారీ హారన్‌కీ గుండె పట్టుకుంటూ ఇల్లు చేరా. పన్నెండున్నర అయింది.

తప్పెవరిదంటే మాదే. తర్వాత తీరిగ్గా యమహా పుస్తకం తెరిచి చూస్తే స్పష్టంగా రాసుంది: బోటుని ట్రాలీ మీద తీసుకెళ్లేటప్పుడు ఆ లివర్‌ని వాడొద్దు, అదురుకి మోటార్ జారి పడొచ్చు, మోటార్‌ని మామూలుగా నిలువునా ఉంచి తీసుకెళ్లడం కుదరకపోతే వేరే ఊత పెట్టి కట్టండి అని. ఆ లివర్ ఉన్నది బోటు ఒడ్డున కట్టేసినప్పుడు ఫ్యాను నీళ్లలో, ఇసకలో నానకుండా లేపి ఉంచడానికి. నిలబడి ఉన్న బరువుని మోయడం వేరు, ఎగిరి పడే బరువుని మోయడం వేరు. నెత్తి మీద బియ్యం మూట పెట్టుకుని నిలబడగలిగినవాడు అదే మూటతో గంతులేయగలడా?

లివర్ జారడం పైకి కనిపించిన నష్టం. కనపడని నష్టం వారం తర్వాత తెలిసింది. మోటార్‌ని పైకి లేపినప్పుడు దాని బరువు బోటుకి దూరంగా, వెనక్కి పోతుంది. ట్రాలీ గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ 74 కిలోలూ గడ్డపారతో రాయిని పెకలించినట్టు వెనక పలకని వంచుతాయి. వాకాడు నుంచి తిరుపతికి దాదాపు నూరు కిలోమీటర్లు, అందులో ఎన్ని గుంతలో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికి ఎన్నో ట్రిప్పులు అలాగే తిప్పేశాం. ఎండొచ్చిన రోజు కడుగుతుంటే పలక మూలల్లో, మోటార్ బోల్టుల చుట్టూ వెంట్రుకంత సన్నటి గీతలు కనిపించాయి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూశా. మిగతా చోట్ల టక్ టక్ అంటోంది, ఎడమ మూలలో మాత్రం నీళ్లు తాగిన గుమ్మడికాయలాగా డబ్ డబ్ అంటోంది. ఫైబర్ పని చేసేవాడు వచ్చి అక్కడ చిన్న చిల్లు వేస్తే లోపలి ప్లైవుడ్ నల్లగా, వేలితో నొక్కితే నీరు కారేలా ఉంది. మన దగ్గర చాలా ఫైబర్ బోట్ల వెనక పలక లోపల ఉండేది ప్లైవుడ్డే. పైన ఫైబర్ చీలితే నీళ్లు లోపలికి పోతాయి, మళ్లీ బయటికి రావు, చెక్క కుళ్లుతుంది. ఆ మూలంతా కోసి కొత్త చెక్క పెట్టి ఫైబర్ వేయడానికి 23 వేలయింది. అందుకే ఈ 7,400 మీద నాకు కోపం లేదు.

మీరూ మీ బోటుకి ఇప్పుడే ఒకసారి చూసుకోండి. మోటార్ లేపి పెట్టి, ఒకరు ఫ్యాను దగ్గర చేత్తో కిందికి నొక్కండి, ఇంకొకరు పక్కనుంచి పలకని చూడండి. పలక కొంచెం ఊగినట్టనిపించినా మొదట దాని సంగతి చూడండి, ఊతకర్ర తర్వాత.

కొనే ముందు వేరే దారులు కూడా చూశాం. బావ అయితే "మా వోళ్లు మోటార్ ఇప్పి కావిడి కర్రకి కట్టి భుజాన ఏసుకుని ఇంటికి తీసకపోతారు, నువ్వు పెద్ద ఇంజనీరు లాగా కడ్డీలు కొంటావా" అని నవ్వాడు. ఆయన చెప్పిందీ నిజమే. తీరంలో ఎక్కువగా కనపడే 9.9 హార్స్‌పవర్ మోటార్లు నలభై కిలోల అటూ ఇటూ ఉంటాయి, బిగింపు స్క్రూలు వదులు చేస్తే ఊడొస్తాయి, వాటికి ఇదేం అక్కర్లేదు, విప్పి బండిలో వేసుకోండి. మాది బోల్టులతో బిగించింది, కేబుళ్లున్నాయి, ప్రతిసారీ విప్పడం జరిగే పని కాదు. మోటార్‌ని పూర్తిగా కిందికి దించి నిలువునా తీసుకెళ్లడం అన్నిటికంటే మేలు, పలక మీద బలం అతి తక్కువ పడేది అప్పుడే. కానీ మా ట్రాలీ ఎత్తు తక్కువ. నిలువునా పెడితే స్కెగ్‌కీ రోడ్డుకీ మధ్య ఆరంగుళాలు మిగిలింది. ఆరంగుళాలతో మన స్పీడ్ బ్రేకర్లు దాటాలంటే దేవుడు కనపడతాడు. మోటార్‌కీ పలకకీ మధ్య చెక్క మొద్దు ఇరికించి తాడు కట్టే పద్ధతి కూడా చాలామంది చేస్తారు. దానివల్ల మోటార్ ఎగరడం తగ్గుతుంది గానీ బరువు మాత్రం పలక మీదే ఉంటుంది. హైడ్రాలిక్ ఉన్న, అంటే స్విచ్ నొక్కితే లేచే మోటార్లకి, లేపే రాడ్డు మీద తొడిగే ప్లాస్టిక్ దిమ్మ దొరుకుతుంది, అదీ ఇంతే. మాది చేత్తో లేపే రకం, ఆ రాడ్డే లేదు.

సరే, వస్తువు సంగతికొస్తా. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే తొమ్మిది రోజులకొచ్చింది. ఒక పైపులో ఇంకో పైపు, మధ్యలో వరసగా చిల్లులు, ఎంత పొడవు కావాలంటే అంత లాగి పిన్ను పెట్టుకోవచ్చు. పై కొసన ఇంగ్లీషు వీ ఆకారంలో చీలిక, దానికి నల్ల రబ్బరు తొడుగు. మోటార్ కాలు, అంటే ఫ్యాను ఉండే కింది భాగం, అందులో కూర్చుంటుంది. కింది కొసన చిన్న ఫోర్కు, అది ట్రాలీ చివర ఉండే రోలర్ బ్రాకెట్‌కి తగులుకోవాలట. ఇక్కడే మొదటి చిక్కు. మన ట్రాలీలకి ఆ రోలరే ఉండదు! మాది చదరపు పైపులతో, పాత వ్యాను కమాన్ పట్టీలేసి చేయించింది. ప్యాకింగ్ మీదున్న బొమ్మకీ మా ట్రాలీకీ చుట్టరికమే లేదు. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే "దయచేసి మీ ట్రైలర్ మోడల్ నంబర్ తెలపండి" అన్నారు. రేణిగుంట రోడ్డులో చేయించిన ట్రాలీకి మోడల్ నంబరా, నాయనా.

అదే రోడ్డులో తెలిసిన వెల్డింగ్ మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్లా. ఆయన కర్రని ఎత్తి నేలమీద రెండు దెబ్బలు కొట్టి, పైపు మందం గోటితో చూసి, "పైపు పర్వాలేదు సామీ, పిన్ను మాత్రం ఎవుడో చెవి పోగు అమ్మినాడు మీకు" అన్నాడు. నిజంగానే పిన్ను సన్నం, చిల్లు పెద్దది, ఊపితే గలగలలాడుతోంది. ఆయన ట్రాలీ వెనక అడ్డ పైపుకి సరిగ్గా మధ్యలో ఆరు ఎంఎం ప్లేటుతో రెండు చెవులు వెల్డింగ్ చేసి, ఫోర్కు వాటి మధ్య దూరి బోల్టు పడేలా పెట్టాడు. పిన్ను తీసేసి దాని చోట పది ఎంఎం బోల్టు, లాక్ నట్. అంతా కలిపి 650. "ఇదంతా నా దగ్గరే చేయించుకుని ఉంటే రెండు వేలల్లో అయిపోయేది కదా" అని కూడా అన్నాడు, అది నేను విననట్టు నటించా. నిజానికి పైపుల పని ఆయన చేయగలడు, ఆ వీ చీలిక, దాని రబ్బరు మాత్రం అంత నున్నగా రావు. గరుకు ఇనుము మోటార్ కాలికి రాసుకుంటే పెయింటు పోయి, ఉప్పునీళ్లకి ఆ అల్యూమినియం తెల్లగా పుచ్చిపోతుంది.

మొదటి ట్రిప్పులో ఇంకో పాఠం. ఊతకర్ర పెట్టాం, రబ్బరు పట్టీ చుట్టాం, బ్రహ్మాండం అనుకుని బయల్దేరాం. రేణిగుంట దాటి ఆపి చూస్తే మోటార్ కాలు వీ చీలికలోంచి ఒక పక్కకి జరిగి ఉంది, పైన మోటార్ అదిరిన గుర్తులు. అర్థం కాలేదు. పక్కన నిలబడి, బావని బొలెరో మెల్లగా ఒక గుంతలోంచి తీయమని చూశా. అప్పుడు తెలిసింది, ట్రాలీ ఒక రకంగా ఎగురుతోంది, బోటు దాని మీద ఇంకో రకంగా ఎగురుతోంది. ముందు వైపు, బోటుని ట్రాలీ మీదికి లాగే వించ్ తాడు ఒక్కటే కట్టాం, వెనక ఏమీ కట్టలేదు. అంటే ట్రాలీ పైకి లేచినప్పుడల్లా ఊతకర్ర రోకలిలాగా మోటార్‌ని కిందినుంచి పొడుస్తోంది. ఊత లేకపోవడం కంటే ఇది ఘోరం, గేర్ బాక్సుకే దెబ్బ. కాబట్టి బాగా గుర్తుపెట్టుకోండి, బోటు వెనక రెండు మూలల కొక్కేల నుంచి ట్రాలీకి రెండు రాట్చెట్ బెల్టులు బిగించి బోటూ ట్రాలీ ఒకే ముక్క అయ్యాకే ఈ కర్రకి అర్థం ఉంటుంది. ఆ బెల్టులు లేనివాళ్లు దీన్ని కొనొద్దు, ముందు బెల్టులు కొనండి, జత వెయ్యి రూపాయల లోపే వస్తాయి. ఈ ముక్క ఆ అమ్మకం పేజీలో ఎక్కడా లేదు, ఒక స్టారు కోసింది ప్రధానంగా అందుకే.

ఇప్పుడు మేం చేసే పద్ధతి చెప్తా. బోటు ట్రాలీ మీదికి పూర్తిగా ఎక్కాక మోటార్‌ని కాసేపు నిలువునా ఉంచి లోపలి నీళ్లు కారిపోనిస్తాం. పెట్రోల్ పైపు మోటార్ నుంచి తీసేసి ట్యాంకు మూత మీద గాలి స్క్రూ బిగిస్తాం, లేకపోతే దారిపొడవునా పెట్రోల్ వాసన. వెనక బెల్టులు బిగిస్తాం. తర్వాత మోటార్‌ని అవసరమైనంతే లేపుతాం, పూర్తిగా కాదు. ఎంత తక్కువ లేపితే బరువు బోటుకి అంత దగ్గరగా ఉంటుంది. మాకు స్కెగ్ రోడ్డుకి పద్నాలుగు అంగుళాల ఎత్తులో ఉంటే ఎక్కడా తగల్లేదు. కర్ర కింది కొస చెవుల్లో బోల్టు వేసి, పై వీని ఫ్యానుకి పైన ఉండే అడ్డ పళ్లేనికీ కింద ఉండే గేర్ బుంగకీ మధ్య కాలి ముందు వైపు ఆనిస్తాం. పక్కన నీళ్లు పీల్చే జాలీ ఉంటుంది, దాని మీద మాత్రం ఒత్తిడి పడకూడదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, లివర్‌ని అలాగే వదిలేయడం. లివర్ మీద బరువుంటే కర్ర అలంకారమే. లివర్ తీసేసి మోటార్‌ని మెల్లగా వీ మీదికి దించాలి, బరువు పూర్తిగా దాని మీదికి రావాలి. హైడ్రాలిక్ ఉన్నవాళ్లు స్విచ్‌తో కొంచెం కిందికి నొక్కితే అదే బిగుసుకుంటుంది. మాలాంటి చేతి మోటార్‌కి ఆ సుఖం లేదు, గుంతలో పైకి లేవకుండా పట్టీతో ట్రాలీకి లాగి కట్టాల్సిందే. ఆఖరికి మోటార్ కుడి ఎడమలకి తిరగకుండా స్టీరింగ్ కట్టేయాలి. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాక ఒకసారి ఆపి అన్నీ చేత్తో లాగి చూస్తాం, తాడు ఏదైనా మొదటి అరగంటలోనే వదులవుతుంది. రాత్రి పూటైతే లేపిన మోటార్ వెనక లైటుకి అడ్డం వస్తోందేమో కూడా చూసుకోండి. మాది వచ్చింది, లైటుని పక్కకి మార్పించాం.

ఇలా కట్టాక ఈ ఏడాదిన్నరలో పదిహేను ట్రిప్పుల దాకా తిరిగాం. మోటార్ కదల్లేదు. ఫైబర్ వేసిన మూల మీద నేను పెన్సిల్‌తో తేదీ రాసి పెట్టుకున్నా, కొత్త గీత ఒక్కటి కూడా రాలేదు. వెనక నుంచి వచ్చే ఆ దబ్ దబ్ చప్పుడు పోయింది, నాకు టెన్షన్ పోయింది, అద్దంలో రోడ్డు చూడ్డం మళ్లీ అలవాటైంది.

ఇక నాణ్యత. కర్రతో వచ్చిన రబ్బరు పట్టీ మన మే నెల ఎండకి ఒక్క సీజన్‌లోనే పెళపెళలాడి తెగింది. దాని బదులు లారీ ట్యూబు కోసి వాడుతున్నా, పైసా ఖర్చు లేదు, ఒరిజినల్ కంటే గట్టిగా ఉంది. వీ తొడుగు ఒక పక్క కోసుకుపోయింది, ఈ వానలకి ముందు మార్చాలి. పైపు బయట పూత బాగానే ఉంది గానీ లోపల తుప్పు. ఉప్పునీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో లోపల కూడా కడిగి, తలకిందులుగా నిలబెట్టి ఆరనివ్వాలి. నేను రెండుసార్లు బద్ధకించా, మూడోసారికి పైపులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. కిరోసిన్ పోసి, సుత్తితో బతిమాలితే వదిలాయి.

ఒకసారి నవ్వులపాలు కూడా అయ్యాం. ఒడ్డున బోటు దించేటప్పుడు కర్ర తీయడం మర్చిపోయి ట్రాలీని నీళ్లలోకి వెనక్కి నెట్టాం. బోటు తేలదు, కదలదు, మోటార్ ఊతకర్రకి కట్టి ఉంటే ఎలా కదులుతుంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ బోటుని తోస్తున్నారు, బావ అరుస్తున్నాడు, చివరికి పదేళ్ల పిల్లోడొకడు వంగి చూసి "అన్నా, దాన్ని ఇప్పలా" అన్నాడు. అప్పటినుంచి కర్రకి ఎర్ర గుడ్డ ఒకటి కట్టి, దాని రెండో కొసని బొలెరో తాళం చెవికి ముడేస్తున్నా.

కొనాలనుకుంటే పొడవు కొలుచుకుని కొనండి. మోటార్‌ని మీకు కావలసినంతే లేపి ఉంచి, కాలి మీద వీ ఆనే చోటు నుంచి ట్రాలీ అడ్డ పైపు దాకా టేపు పెట్టండి. ఆ కొలత కర్ర సైజులకి మధ్యలో పడాలి, కొసకి లాగితే వంగుతుంది. మాకు 29 అంగుళాలొచ్చింది. పదిహేను హార్స్‌పవర్ లోపు మోటార్ ఉన్నవాళ్లూ, ట్రాలీ ఎత్తుగా ఉండి మోటార్‌ని నిలువునా తీసుకెళ్లగలిగేవాళ్లూ డబ్బు వృథా చేసుకోకండి. బావ ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఇంకొకాయన ట్రాలీకి కూడా ఇలాంటిదే కావాలంటున్నాడు, ఆయనది 60 హార్స్‌పవర్. ఆయన్ని మాత్రం కర్ర కంటే ముందు మేస్త్రీ దగ్గరికి పంపిస్తున్నా, చెవులు వెల్డింగ్ చేయించుకోమని.